అరిగిన ముక్క సాక్షి చెబుతుంది

భూపాలపల్లి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయనకు సింగరేణిలో ఉద్యోగం. "కారు కొని 14 నెలలైంది. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అప్పుడే రెండుసార్లు మార్చాను. షోరూమ్ వాళ్ళు అది అరుగుదల, వారంటీలోకి రాదు అంటున్నారు. మా బావమరిదేమో కంపెనీలోనే లోపం ఉంది, కోర్టుకు పొమ్మంటున్నాడు, కొత్త కారే ఇస్తారంటున్నాడు. నేనెవరి మాట నమ్మను?" అని ఆయన ప్రశ్న. ఇద్దరి మాటా సగం సగం నమ్మండని నా సలహా. ఆ సగాలు ఏవో చెప్పడానికే ఈ వారం ఈ పేజీ.

మోటారు బండిలో ఉన్న భాగాలన్నిటిలోకీ బ్రేకు పుట్టుక వేరు. తక్కిన భాగాలను వీలైనంతవరకు అరగకుండా ఉండేలా తయారుచేస్తారు. బ్రేకు ప్యాడ్లను, లైనర్లను మాత్రం అరగడం కోసమే తయారుచేస్తారు. కాలితో తొక్కగానే ఆ ముక్క పోయి తిరుగుతున్న డిస్కును పట్టుకుంటుంది, లేదా డ్రమ్మును లోపలినుంచి ఒరుసుకుంటుంది. పరుగెత్తే బండి బలమంతా అక్కడ వేడిగా మారి గాలిలో కలుస్తుంది. ఆ పనికి కూలిగా ప్రతిసారీ ముక్క తన ఒంట్లోంచి పిసరంత పొడి రాల్చుకుంటుంది. కొత్త ప్యాడ్ మీద మందం సుమారు 10 మిల్లీమీటర్లుంటే, అది 3కు దిగిందంటే ఇక మార్చవలసిందే. కాలి చెప్పు అరిగిందని చెప్పులు కుట్టినవాడి మీద ఎవరూ దావా వేయరు గదా!

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపితే ఎంత వేడి పుడుతుందో, 100 మీద పోయే అదే బండిని ఆపితే దానికి రెండింతలు కాదు, నాలుగింతలు పుడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు మీద భారం నాలుగు రెట్లన్నమాట. కనుక ఒకే కంపెనీ కారు, ఒకే రోజున కొన్నది, ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా అరిగితే ఆశ్చర్యపడనవసరం లేదు.

చేతిని బట్టే కాదు, ఊరిని బట్టి కూడా అరుగుదల మారుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలోవే. ఆ రోజున మూడూ మూడు జిల్లా కేంద్రాలైనాయి. రోడ్లు మాత్రం అంతకుముందునుంచీ వేరువేరే. నేనుండే జనగామ హైదరాబాదు - వరంగల్ జాతీయ రహదారి మీద ఉంది. ఇక్కడి బండ్లకు వేగమే శత్రువు. నున్నని రోడ్డు చూసి కాలు బిగుస్తుంది, అంతలో ఏ ఊరి మలుపులోనో ఒక గేదె నింపాదిగా రోడ్డు దాటుతుంది. ఆ ఒక్క తొక్కుడు ఊళ్ళో చేసే పది తొక్కుళ్ళ పెట్టు.

మహబూబాబాద్ వైపు కథ వేరు. మిర్చి కోతలు మొదలైతే బస్తాలు మోసే ట్రాలీలకు మోయగలిగిన బరువు ఇంత అన్న లెక్క ఉండదు. బరువెంత పెరిగితే బ్రేకు మీద భారం అంత పెరుగుతుంది. ఊరూరా స్పీడు బ్రేకర్లు, వానాకాలం వస్తే పొలం దారుల బురద డ్రమ్ముల్లోకి చేరుతుంది. భూపాలపల్లిలో బొగ్గు గనులున్నాయి, పక్కనే చెల్పూరులో థర్మల్ కేంద్రం ఉంది, కాళేశ్వరం దిక్కునుంచి వచ్చే ఇసుక లారీలున్నాయి. రోడ్డు మీద దుమ్ము పడని రోజు లేదు. ఆ సన్నని ఇసుక ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరితే ఆకురాయి పని చేస్తుంది. మా పాఠకుడి కారు రోజూ నడిచేది ఆ దుమ్ములోనే. కాబట్టి షోరూమ్ వాళ్ళ మాటలో సగం నిజముంది.

ఇక రెండో సగం. అరుగుదల అనే మాట వినగానే మనం నోరు మూసుకుని డబ్బు కట్టేస్తాం. కానీ అరుగుదలకు ఒక ధర్మం ఉంది. రోడ్డు వల్ల, నడిపేవాడి కాలు వల్ల అరిగితే ఎడమ చక్రంలోనూ కుడి చక్రంలోనూ ఇంచుమించు సమానంగా అరగాలి. ఒకే చక్రంలో డిస్కుకు లోపలివైపున్న ప్యాడ్, బయటివైపున్న ప్యాడ్ రెండూ దాదాపు జోడుగా తగ్గాలి. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు తూలుతుంది గనుక మామూలుగా ముందు ప్యాడ్లే ఎక్కువ అరగాలి. ఈ ధర్మం తప్పినచోట అనుమానించాలి. ఒక ప్యాడ్ రేకు దాకా అరిగి దాని జత ప్యాడ్ కొత్తదానిలా ఉన్నా, ఒక చక్రమే చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నా, కాలికింద పెడల్ ఉన్నట్లుండి రాయిలా గట్టిపడినా అది వట్టి అరుగుదల కాదు. ఎక్కడో ఏదో బిగిసింది, కారుతోంది, లేదా విరిగింది. అది దుమ్ము వల్లా కావచ్చు, నిర్వహణ లోపం వల్లా కావచ్చు, తయారీలోనే వచ్చిన తప్పూ కావచ్చు. ఏదో తేల్చవలసినవాడు మెకానిక్కు. తేల్చడానికి కావలసిన సాక్ష్యం ఆ అరిగిన ముక్క.

మన దౌర్భాగ్యమంతా ఇక్కడే ఉంది. ఆ ముక్క ఎక్కడుంటుంది? షెడ్డు మూల పాత ఇనుప సామాను డబ్బాలో. "గా అరిగిపోయిన ముక్క ఏం జేసుకుంటరు సార్?" అంటాడు మెకానిక్కు. నిజమే గదా అనుకుని మనం ఇంటికి వచ్చేస్తాం.

మహబూబాబాద్‌లో నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడున్నారు. ఆయన కారుకు ఏడాదిన్నరలో మూడుసార్లు ప్యాడ్లు పోయాయి. మొదటి రెండుసార్లూ ఇంటిదగ్గరి షెడ్డులోనే మార్పించారు. బిల్లు లేదు, ముక్కలు లేవు. మూడోసారి మాత్రం ఆయన భార్య, "ఆ పాతవి ఇట్ల తేండి, ఏం మాయరోగమో నేను గూడ సూస్త" అని పట్టుబట్టి ఇంటికి తెప్పించారు. నాలుగు ముక్కలనూ గచ్చు మీద వరసగా పేర్చి చూస్తే మూడు మందంగా ఉన్నాయి, ఒకటి మాత్రం రేకు. ఆ నాలుగింటినీ గుడ్డలో మూట గట్టుకుని ఆయన కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్ళారు. అంతదాకా "మీ డ్రైవింగ్ సార్" అన్న పెద్దమనిషి ఆ ముక్కలు చూసి మాట మార్చారు. విప్పి చూస్తే ప్యాడ్లను నొక్కి వదలవలసిన కాలిపర్ ఒక చక్రంలో వెనక్కి జరగకుండా బిగుసుకుపోయి ఉంది. కాలు తీసినా ఆ ముక్క డిస్కును వదలక రాత్రింబగళ్ళు ఒరుసుకుంటూనే ఉందన్నమాట. వారంటీ గడువు ఇంకా ఉండబట్టి కాలిపర్ ఉచితంగా మార్చారు. ముందు రెండుసార్లకు అయిన ఖర్చు మాటేమిటని ఆయన అడిగితే, "బిల్లులున్నాయా? పాత ముక్కలున్నాయా?" అన్నారు. రెండూ లేవు. ఆ డబ్బు అంతటితో సరి.

ఆయనది ఒక్క బండి లోపం. వేల బండ్లలో ఒకే లోపం ఉంటే కంపెనీ వాటన్నిటినీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడాన్ని రీకాల్ అంటారు. ఆ మాట వింటే అదేదో అమెరికా వ్యవహారమనుకుంటారు చాలామంది. కాదు. మన దేశంలో, మనం రోజూ చూసే బండ్లలో, బ్రేకుల కోసమే జరిగినవి చెబుతాను. 2018 మేలో మారుతి సుజుకి 52,686 స్విఫ్ట్, బాలెనో కార్లను తనిఖీకి పిలిచింది. ఇంజను గాలి పీల్చే బలాన్ని బ్రేకు పెడల్‌కు సాయంగా అందించే గొట్టంలో లోపముండవచ్చని అనుమానం. 2021 డిసెంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ 26,300 క్లాసిక్ 350 మోటారు సైకిళ్ళను పిలిచింది. వెనక డ్రమ్ము బ్రేకును పట్టి ఉంచే ఒక బ్రాకెట్టు గట్టిగా తొక్కినప్పుడు దెబ్బతినే ప్రమాదం కనిపించింది. 2022 అక్టోబరులో మళ్ళీ మారుతి 9,925 వేగనార్, సెలెరియో, ఇగ్నిస్ కార్లను పిలిచింది. వెనక బ్రేకులో ఒక పిన్ను విరగవచ్చు, విరిగితే వింత చప్పుడు వస్తుంది, పోనుపోను బ్రేకు పట్టు తగ్గవచ్చు. 2023 ఏప్రిల్లో 7,213 బాలెనో ఆర్.ఎస్. కార్లు, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పంపు కోసం.

వీటిలో ఆ పిన్ను కథ నాకు బాగా గుర్తుండిపోయింది. లోపం మొదట చప్పుడు రూపంలో వస్తుందట. మనవాళ్ళేం చేస్తారు? చప్పుడు వినిపించకుండా పాట సౌండు పెంచుతారు!

చట్టం సంగతికి వద్దాం. 2012లో కార్ల తయారీదారుల సంఘం తనంతట తానుగా రీకాల్ నియమావళి ఒకటి పెట్టుకుంది. అది ఇష్టాపూర్తి వ్యవహారం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఎ అనే కొత్త సెక్షన్ చేర్చారు. దానికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. తయారై 7 ఏళ్ళు దాటని బండ్లలో ప్రమాదకరమైన లోపముంటే కేంద్ర ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించవచ్చు. బండ్ల రకాన్నీ సంఖ్యనూ బట్టి 10 లక్షలనుంచి కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. తన లోపాన్ని తానే పసిగట్టి, ప్రభుత్వానికి చెప్పి, బండ్లను పిలిచిన కంపెనీకి ఆ జరిమానా లేదు. నిజం ఒప్పుకున్నవాడికి శిక్ష తప్పించడం మన రచ్చబండ ధర్మమే.

రీకాల్ అయిన బండికి ఆ సెక్షన్ చూపే దారులు మూడు: కొన్న ధర తిరిగి ఇవ్వడం, బండి మార్చి ఇవ్వడం, బాగుచేసి ఇవ్వడం. రీకాల్ రాకముందే మీరు మీ డబ్బుతో చేయించుకున్న రిపేరు మాట ఆ మూడింటిలో లేదు. అమెరికాలో ఆ మాట చట్టంలో ఉంది. అక్కడ రాల్ఫ్ నేడర్ అనే న్యాయవాది కార్ల కంపెనీల నిర్లక్ష్యం మీద 1965లో పుస్తకం రాసి దేశాన్ని కుదిపాడు. మరుసటి ఏడే, 1966లో, మోటారు వాహనాల భద్రతా చట్టం వచ్చింది. 2000లో దాన్ని సవరిస్తూ, రీకాల్ ప్రకటనకు కొంతకాలం ముందు అదే లోపాన్ని సొంత ఖర్చుతో బాగుచేయించుకున్నవారికి ఆ డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు కంపెనీయే చేయాలన్నారు.

రీకాల్ కాకపోయినా అక్కడ డబ్బు రాబట్టిన వారున్నారు. 2008 - 2010 నమూనా హోండా అకార్డ్ కార్లలో వెనక ప్యాడ్లు త్వరగా అరిగిపోతున్నాయని యజమానులు కలిసికట్టుగా కోర్టుకెక్కారు. 2010లో కుదిరిన రాజీ ప్రకారం, ప్యాడ్లు మార్చుకున్నవారికి ఒక పరిమితి దాకా ఖర్చులో సగం కంపెనీ చెల్లించింది. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉండే మీ పిల్లలను అడగండి, ఆ కారు తోలిన తెలుగువాళ్ళు ఒకరైనా తగులుతారు. ఆ డబ్బు అందుకోవడానికి కావలసింది ఏమిటి? రిపేరు చేయించిన రసీదు. మహబూబాబాద్ మాస్టారి దగ్గర లేనిది అదే.

ఇప్పుడు బావమరిది గారి సగం. కోర్టు తలుపు ఉంది, నిజమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలైంది. దాని ప్రకారం కంపెనీ ఎక్కడున్నా, మీరు నివసించే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కారు ఖరీదు 5 లక్షల లోపయితే ఫీజు లేదు. కారణం పుట్టిన నాటినుంచి 2 ఏళ్ళలోగా వేయాలి. లోపం కంటితో తేలేది కానప్పుడు ఆ వస్తువును సీలు వేసి ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కుంది. పంపడానికి వస్తువుండాలి గదా! మళ్ళీ ఆ ముక్క దగ్గరికే వచ్చాం. కోర్టుదాకా పోయే ముందు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం పలుకుతుంది. చాలా తగాదాలు అక్కడే తెగుతాయి.

కొత్త కారు ఇస్తారన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. మారుతి ఉద్యోగ్ కారు క్లచ్చి గురించి వచ్చిన ఒక కేసులో 2006లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చడానికో బాగుచేయడానికో అయినప్పుడు కారునే మార్చమనడం కుదరదన్నది. ప్యాడ్ కోసం పోయి కారు అడిగితే ప్యాడ్ కూడా రాకుండా పోతుంది. అయిన ఖర్చు అడగండి, లోపమున్న భాగం మార్చమనండి, పడ్డ ఇబ్బందికి పరిహారం అడగండి. న్యాయమైన కోరికకు బలమెక్కువ.

మన జిల్లాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడ తిరిగే కార్లలో హైదరాబాదులో ఒకరి దగ్గర నడిచి వచ్చిన సెకండ్ హ్యాండ్ బండ్లు చాలా ఉన్నాయి. రీకాల్ కబురు కంపెనీ దగ్గరున్న చిరునామాకు పోతుంది. ఆర్.సి. మీ పేరున మార్చుకోకపోతే ఆ ఉత్తరం ఏ కూకట్‌పల్లిలోనో పాత యజమాని ఇంటి గేటులో పడి ఉంటుంది. బండి మాత్రం భూపాలపల్లి అడవిదారిలో పోతుంటుంది. కొన్న 30 రోజుల్లో ఆర్.సి. మార్పించుకోవాలని చట్టమే చెబుతోంది. భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అని జిల్లా నంబర్లున్నాయి. 2024 మార్చినుంచి కొత్త బండ్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది. ప్లేటు మీద ఏ అక్షరాలున్నా, రీకాల్‌కు పట్టేది ఛాసిస్ నంబరే. ఆర్.సి. మీద 17 అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటుంది. దాన్ని కంపెనీ వెబ్‌సైటులో కొట్టినా, సర్వీసు కేంద్రానికి ఫోనులో చెప్పినా మీ బండి రీకాల్ జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. రీకాల్ పని బండికి చేస్తారు గాని మొదట కొన్నవారికి కాదు. ఎన్ని చేతులు మారినా అది ఉచితమే.

ఇంతకూ భూపాలపల్లి పాఠకుడు చేయవలసింది ఏమిటంటే, రెండోసారి తీసిన ముక్కలు ఆ షెడ్డులో ఇంకా ఉన్నాయేమో ఈ రోజే పోయి వెతకాలి. దొరికితే ఏది ఏ చక్రంలోదో, లోపలిదో బయటిదో మెకానిక్కును అడిగి కాగితం అంటించాలి. తారీఖు, మీటరు మీద కిలోమీటర్లు రాయాలి. రెండు బిల్లులూ జతచేయాలి. దొరక్కపోతే ఇప్పుడున్న ప్యాడ్లు విప్పించి నాలుగింటి మందమూ కొలిపించి ఫోటో తీయాలి. అన్నీ సమానంగా అరిగి ఉంటే అది దుమ్ము పని. ఖర్చు ఆయనదే. షోరూమ్ మీద కోపం మానుకుని, తరచు బ్రేకులు శుభ్రం చేయించుకోవాలి. ఒకటి రేకై తక్కినవి మందంగా ఉంటే కారణం తేల్చమని సర్వీసు కేంద్రానికి రాతమూలకంగా ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. నోటిమాట నీటిమూట అన్నారు పెద్దలు. సర్వీసు కౌంటరు దగ్గర ఆ మాట మరీ నిజం. ఈలోగా బండి ఒక పక్కకు లాగుతుంటే మాత్రం, కాగితాల పని తరువాత, బండి ఆపడం ముందు.

ఆఖరుగా ఒక్క సంగతి. సెక్షన్ 110-ఎ ప్రకారం ప్రభుత్వం కదలడానికి ఉన్న కారణాల్లో ఒకటి, ఒకే రకం బండి మీద నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేయడం. ఆ ఫిర్యాదుల కోసం రవాణా మంత్రిత్వశాఖ వెబ్‌సైటు తెరిచి ఉంచింది. చట్టం లెక్క మీదనే నడుస్తుంది. హైదరాబాదులో రాసినవాడూ ఒకటే, కేసముద్రంలో రాసినవాడూ ఒకటే. మనం షెడ్డులో వెయ్యో రెండు వేలో ఇచ్చి ముక్క పారేసి వచ్చిన ప్రతిసారీ ఆ లెక్కలో ఒకటి తగ్గుతుంది. అలా తగ్గిన లెక్క వల్ల నష్టపోయేది మన ఒక్క జేబే కాదు. అదే లోపమున్న బండి ఇంకొకటి, మన ఊరి బడి వదిలే వేళకు, అదే రోడ్డు మీద వస్తూ ఉంటుంది.